మూడో పేజీలో నా జాగా

నేను ఒక చీటీని. ముందే చెప్పేస్తున్నాను, నా బతుకు బండలైంది బొల్లా ఏసోబు వల్ల. చీరాలలో మిషన్ కాంపౌండ్ వెనక వీధిలో, నీలం తలుపు ఇంట్లో ఉంటాడు. క్లారినెట్ వాయిస్తాడు. ఎప్పుడైనా అటువైపు వెళ్తే ఆగి అడగండి, ఆయనకి నేను చేసిన మేలేమిటో, ఆయన నాకు చేసిన కీడేమిటో. ఒప్పుకోడు. ఒప్పుకునే మనిషైతే నేనిలా మీ ముందు నోరు విప్పాల్సిన పనే లేదు.

చీటీ అనగానే కాగితం ముక్క అనుకునేరు. నాకు కాగితం లేదు, సిరా లేదు, బరువు అసలే లేదు. కంప్యూటర్‌లో బ్యాండు పాటలకి నొటేషన్ రాస్తారు చూడండి. ఐదు గీతలు, వాటి మీద తోకలున్న చుక్కలు. ఆ గీతల మధ్య కాస్త ఖాళీ దొరికితే అందులో నాలుగు మాటలు రాసిన పెట్టె ఒకటి పెడతారు. ఆ పెట్టెను నేను. చుట్టూ ఎర్ర గీత, లోపల పసుపు రంగు, మధ్యలో దూరం నుంచి కూడా కనబడే లావుపాటి తెలుగు అక్షరాలు. ఏం వాయించాలో చుక్కలు చెబుతాయి. ఎక్కడ వాయించాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో చెప్పేది మేము. చుక్కలకి ఆ తెలివి లేదు, వాటికి వీధి తెలియదు.

వీధి గొడవ ఎందుకొచ్చిందంటే, అది గెర్షోం మాస్టారి పద్ధతి. నలభై ఏళ్లుగా ఆయనది పెళ్లి బ్యాండు. పెళ్లికి ముందు రోజు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, ఊరేగింపు పోయే దారంతా నడిచి అడుగులు లెక్కపెట్టేవాడు. నొటేషన్‌లో నిలువు గీతకీ నిలువు గీతకీ మధ్య ఉండే జాగాని ఆ బ్యాండులో గడి అంటారు. గడికి రెండు అడుగులు. చర్చి గేటు నుంచి పెళ్లికొడుకు గుమ్మం దాకా రెండు వందల నలభై అడుగులైతే పాట సరిగ్గా నూట ఇరవై గడులు ఉండాలి. దర్జీ ఒళ్లు కొలిచి చొక్కా కుట్టినట్టు ఆయన వీధిని కొలిచి పాట కుట్టేవాడు. మధ్యలో ఎవరైనా తాగి డాన్సుకి దిగితే ఆ గడినే తిప్పి తిప్పి వాయించాలి. వాడు అలిసిపోయి తప్పుకున్నాక తర్వాతి గడిలోకి కదలాలి. అందుకే ఐదు నిమిషాల దారికి గంటన్నర పట్టినా గెర్షోం మాస్టారి పాట గుమ్మం ముందే ముగిసేది, అడుగు అటూ ఇటూ కాకుండా.

దారిలో చేయాల్సినవన్నీ ఆయన నోట్లో ఉండేవి. వెండిపూత గుండున్న కర్ర పట్టుకుని వెనక్కి నడుస్తూ, బాకాల మోతని మించి అరిచేవాడు. కాన్పుల ఆస్పత్రి వచ్చింది, ఆపండి. తీగలు కిందికున్నాయి, తలలు వంచండి. ఇక గుమ్మం వచ్చాక, మోకాళ్లు. ఆ ఒక్క మాట కోసం జనం ఎదురుచూసేవాళ్లు. క్లారినెట్ల వాళ్లు వరసగా మోకాళ్ల మీద కూలబడి, వెనక్కి వాలి, గుమ్మంలో నిలబడ్డ పెద్దవాళ్లు నవ్వేదాకా అదే గడి వాయించేవాళ్లు. నవ్వకపోతే లేవడం లేదు. ఎంత చిరాకు మనిషైనా, ఎదురుగా నలుగురు మగవాళ్లు మోకాళ్ల మీద ఊగుతూ బుగ్గలు పూరీల్లా ఉబ్బించుకుని వాయిస్తుంటే ఎంతసేపు బిగపడతాడు?

పోయిన వేసవిలో మాస్టారి గొంతులో కాయ వచ్చింది. ఆపరేషన్ చేసి కాయ తీశారు. దాంతోపాటే గొంతూ పోయింది. నలభై ఏళ్లు అరిచిన మనిషి చేతిలో పలక పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. కోపం వస్తే అక్షరాలు పెద్దవి రాసేవాడు. మరీ కోపం వస్తే పలకంతా ఒక్క అక్షరమే పట్టేది, మిగతా మాట మనమే ఊహించుకోవాలి.

అప్పుడు లేచింది కర్ర గొడవ. ఆయన తర్వాత ఎవరిది? ఏసోబు ఇరవై ఆరేళ్లుగా మొదటి క్లారినెట్. మాస్టారికి తమ్ముడి లెక్క. కర్ర తనకే వస్తుందని ఆయన గుట్టుగా ఒక కొత్త యూనిఫారం కూడా కుట్టించుకున్నాడట. మాస్టారు పలక మీద రాసింది మాత్రం వేరు. "శనివారం పెళ్లికి నా కూతురు కెజియా నడుపుతుంది. నేను వెనక ఆటోలో కూర్చుంటాను. నేను ఆటో దిగకుండా పాట గుమ్మం దాకా చేరితే కర్ర కెజియాది. దిగాల్సి వచ్చిందా, బ్యాండు మూసేస్తాను, వాయిద్యాలు డీజే వాళ్లకి ఇచ్చేస్తాను." డీజే వాళ్లు చాలా రోజులుగా అడుగుతున్నారు, వాయించడానికి కాదు, బండి ముందు వేలాడదీసుకోవడానికి.

కెజియాకి ముప్ఫై ఒక్క ఏళ్లు. డీటీపీ కొట్లో తొమ్మిదేళ్లుగా శుభలేఖలు టైపు చేస్తోంది. ఊళ్లో సగం పెళ్లిళ్లలో అచ్చుతప్పులు ఆమెవి, మిగతా సగం కొట్టు యజమానివి. నొటేషన్ తండ్రి దగ్గరే నేర్చుకుంది. ఆమెకి ఆయనంత గొంతు లేదు. పోనీ అరిచినా, పదమూడు మంది మగవాళ్లు ఆ అరుపు వింటారన్న నమ్మకం అంతకన్నా లేదు. కాబట్టి నాన్న నోట్లో ఉన్నదంతా కాగితం మీద పెడతానంది. ఏసోబు నవ్వలేదు, ఆయన పెళ్లి ఫొటోలో కూడా నవ్వలేదు. "నేను మనిషి మాట విని వాయించా ఇన్నాళ్లూ. కాగితానికి మోకాళ్లెయ్యను" అని, క్లారినెట్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి సాయంత్రమైతే నీలం తలుపు తెరిచి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, వీధి తనకి బాకీ ఉన్నట్టు.

అదిగో, ఆ వారంలోనే నా పుట్టుక.

కొట్టు మూసే వేళకి కెజియా ఒక నొటేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఉచితంగా దొరికేది. మొదట నన్ను టైపు చేసినప్పుడు తెలుగు అక్షరాలకి బదులు ఖాళీ గళ్లు వచ్చాయి. రెండోసారి వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి, గాలివానకి పెంకులు లేచిపోయిన ఇల్లులా ఉన్నాను. మూడోసారి ఫాంటు మార్చింది. నేను కళ్లు తెరిచాను.

ఆ సాఫ్ట్‌వేర్‌లో మాటలు పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మాటని చుక్కకి కట్టేయడం. గుంజకి కట్టిన దూడలా చుక్క ఎటు పోతే మాట అటు పోతుంది. అది ఆమెకి నచ్చలేదు. అక్షరం పెద్దది చేస్తే గీతల మీద పడుతోంది, రంగు వేస్తే చుక్కల్ని మింగుతోంది. రెండోది, మాటని విడిగా పేజీ మీదే పెట్టడం. ఎటు లాగితే అటు వస్తుంది, ఎంత సాగదీస్తే అంత సాగుతుంది, ఎంత పెద్ద అక్షరమైనా పడుతుంది. కెజియా మురిసిపోయింది. ఆమెకన్నా నేను ఎక్కువ మురిశాను. ఎలుకతో పట్టుకుని నన్ను పేజీ అంతా తిప్పింది. ట్రంపెట్ల మీదుగా పోయాను, డ్రమ్ముల కింద దూరాను, అంచు దాకా వెళ్లి తొంగిచూశాను. ఆ చుక్కల్ని చూసి జాలేసింది. పాపం, పుట్టిన గీత మీదే పడుండాలి. నాకేం? నేను ఎవరికీ కట్టుబడినదాన్ని కాదు.

తిప్పి తిప్పి చివరికి మూడో పేజీలో, నూట ఇరవయ్యో గడి నెత్తిన, ట్రంపెట్లకీ క్లారినెట్లకీ మధ్య దించింది. నా ఒంటి మీద ఇలా ఉంది: "మోకాళ్లు. గుమ్మంలో ఉన్నవాళ్లు నవ్వేదాకా లేవొద్దు." ఆ గుమ్మం పెళ్లికొడుకు నాయనమ్మది. తుంటి ఎముక విరిగి చర్చికి రాలేని ముసలామె, వీల్‌చైర్‌లో గుమ్మంలో కూర్చుంటుంది. రెండో పేజీలో నాకు ఒక అక్క ఉంది: "ఆస్పత్రి. నలభై అడుగులు నిశ్శబ్దం." మాట పొదుపు మనిషి.

ఇక కాగితాలు ఎక్కడ పెట్టుకోవాలన్న సమస్య వచ్చింది. రెండు చేతులూ వాయిద్యం మీదుంటే పట్టుకునేదెలా? కెజియాయే ఉపాయం చెప్పింది. ముందు వరస వాళ్ల వీపులకి పిన్నీసులతో గుచ్చితే వెనక వరస వాళ్లు చూసి వాయిస్తారు. పెద్ద కాగితాలు, మూడేసి పేజీలు, కేలెండరులా పైకి తిప్పాలి. మరి అందరికన్నా ముందు నడిచే క్లారినెట్లకి? వాళ్లకి కెజియా వీపు. అంటే ఊరేగింపులో అందరికీ కాగితం కనబడుతుంది, నడిపించే మనిషికి తప్ప. ఈ సంగతి ఎవరికీ వింతగా తోచలేదు. మనుషులు ఇలాంటివి చాలా శ్రద్ధగా ఏర్పాటు చేసుకుంటారు.

రిహార్సల్లో అలవాటు కొద్దీ అందరూ మాస్టారి నోటివైపే చూస్తూ తప్పులు వాయించారు. కెజియాకి ఒళ్లు మండింది. ఆమె తర్వాత చెప్పిన మాట రెండో క్లారినెట్ జక్రయ్య చెవుల్లో శిలాశాసనంలా పడింది. "నాన్న మొహం చూడబాకండి. నా మొహమూ చూడబాకండి. నా చేతి ఊపూ చూడబాకండి. కాగితంలో ఏముంటే అది." జక్రయ్య ఎంత విధేయుడంటే, డాక్టరు మూడు పూటలా వేసుకోమన్న మాత్రల్ని రోగం తగ్గాక కూడా రెండేళ్లు వేసుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం పెళ్లికొడుకు తండ్రి ఫోన్ చేశాడు. చర్చి గేటు ముందు మురుగు కాలువ కోసం తవ్వేశారట, పూల కారు అక్కడికి రాదట, ఊరేగింపు పెట్రోలు బంకు దగ్గర మొదలవుతుందట. కెజియా పరిగెత్తి వెళ్లి కొలిచింది. నలభై అడుగులు పెరిగాయి. అంటే ఇరవై గడులు. పరిగెత్తుకుంటూ కొట్టుకి వచ్చి, పాట మొదట్లో ఇరవై కొత్త గడులు చేర్చింది.

ఆ క్షణం నాకింకా గుర్తుంది. కింద నేల కదిలింది. చుక్కలన్నీ బస్సులో జరిగి కూర్చునేవాళ్లలా ఒకదాన్నొకటి తోసుకుంటూ కుడివైపుకి జరిగాయి. నా కిందున్న గడి, నేను నమ్ముకున్న గడి, ఎదురింటివాళ్లు చెప్పకుండా ఖాళీ చేసినట్టు వెళ్లిపోయింది. ఎవరో కొత్త గడి వచ్చి దాని చోట్లో కూర్చుంది. నేను కదల్లేదు. ఎలా కదులుతాను? నన్ను ఏ చుక్కకీ కట్టలేదుగా. పేజీ మీద పెట్టారు, పేజీ మీదున్నాను. అక్క కూడా అంతే. ఆమె మాటామంతీ లేకుండా తన చోట్లోనే బిగుసుకుపోయింది.

కెజియా మొదటి పేజీ చూసింది, బాగుంది. రెండో పేజీ చూడబోయే లోపల కరెంటు వస్తూ పోతూ ఉందని యజమాని తొందరపెట్టాడు. ప్రింటు కొట్టేసింది. ఇంటి దగ్గర మాస్టారు పేజీలన్నీ వేలితో తడుముతూ ఒక్కో చుక్కా చూశాడు. మమ్మల్ని మాత్రం చూడలేదు. పసుపు పెట్టెలు ఆయనకి కూతురి ముచ్చట, అంతే.

శనివారం నాలుగింటికి ఊరేగింపు కదిలింది. నేను కెజియా వీపు మీద, మూడో పేజీలో, మడత వెనక కూర్చుని గాలికి రెపరెపలాడుతున్నాను. ఎర్ర కోటు, బంగారు జరీ, పైన నాలుగు పిన్నీసులు. ఆహా, ఏమి వైభవం. కెజియాతో కలిపి పదమూడు మంది, వాళ్ల వెనక పూల కారు, కారు వెనక ఆటో, ఆటోలో పలక ఒళ్లో పెట్టుకుని మాస్టారు. మొదటి పేజీ వెన్నలా సాగింది. పాట ఎంత బాగా కుదిరిందంటే కెజియా నడకలోనే చిన్న గంతు వచ్చింది, అది నాకు ఊయలలా తగిలింది.

రెండో పేజీ తిప్పారు. కాసేపటికి అక్క వంతు వచ్చింది. జక్రయ్య చదివాడు, ఆపాడు. అందరూ ఆపారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. కెజియా ఉలిక్కిపడింది. చూస్తే ఇంకా ఆస్పత్రి రాలేదు, టీ కొట్టు ముందున్నారు. కర్ర గాల్లో ఊపింది. ఎవరు చూస్తారు? చూడొద్దని చెప్పింది ఆమే. పదమూడు మంది బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేకుండా నలభై అడుగులు నడిచారు, ఎవరో పోయిన ఇంటికి పరామర్శకి పోతున్నట్టు. టీ తాగుతున్న ఇద్దరు లేచి నిలబడి తల మీద రుమాలు తీశారు. పూలకారులో పెళ్లికూతురు పెళ్లికొడుకుని ఏమైందని అడిగింది. అతను తనకి ముందే తెలిసినట్టు తలూపాడు. అప్పటి నుంచే భర్త అయిపోయాడు.

సరిగ్గా కాన్పుల ఆస్పత్రి గేటు ముందు నలభై అడుగులు పూర్తయ్యాయి. పెద్ద డ్రమ్ము ముందు పేలింది. తర్వాత అన్నీ పేలాయి.

మూడు అంతస్తుల కిటికీలు తెరుచుకున్నాయి. లోపలున్న పసివాళ్లందరూ ఒకే శ్రుతిలో ఎత్తుకున్నారు. అప్పుడే తండ్రి అయిన ఒకడు ఈ మేళం తన బిడ్డ కోసమే ఎవరో పంపారనుకుని మెట్ల మీద నుంచి డాన్సు చేసుకుంటూ దిగాడు. ఇంకొకడు తనకి పుట్టింది కవలలు కాబట్టి తనదే ముందని వాడితో పోటీకి దిగాడు. డాన్సు చేస్తే ఆ గడిలోనే తిరగాలి కదా, రూలు రూలే. ఆస్పత్రి గేటు ముందే ఒకే గడి పదిహేడు సార్లు మోగింది. నర్సమ్మ చేతిలో ట్రేతో బయటికొచ్చి అరిచిన అరుపు నాకు వినబడలేదు, పెదాలు మాత్రం కనబడ్డాయి. ఆటోలో మాస్టారు ఒక కాలు బయటపెట్టాడు. కాలు నేలకి తగిలిందా లేదా అన్నది ఈరోజుకీ ఊళ్లో తేలలేదు. పలక మీద ఒకే అక్షరం ఉంది, పలకంత పెద్దది.

నా సంగతికొస్తే, నాకు కెజియా వీపు తెలుస్తోంది. కోటు లోపల వెన్ను బిగుసుకుంది. ఆమెకి లెక్క తెలిసింది. నలభై అడుగులు ముందుగా ఆపారంటే, చీటీలు నలభై అడుగులు ముందున్నాయి. అన్నీ. అంటే నేను కూడా. పెళ్లికొడుకు గుమ్మానికి నలభై అడుగుల ముందు ఏముంది?

నీలం తలుపు.

ఆమె చేయగలిగింది ఏమీ లేదు. వెనక్కి తిరిగి వాళ్లకి చెబుదామంటే, తిరిగిందా కాగితం కూడా తిరుగుతుంది, క్లారినెట్లకి పాట పోతుంది. నడివీధిలో పాట తెగితే మాస్టారు రెండో కాలూ దించుతాడు. నన్ను పీకేద్దామని చెయ్యి వెనక్కి పెట్టింది. వేళ్లు నా దాకా అందలేదు. జక్రయ్యకి ఆ వేళ్లు పేజీ తిప్పమన్నట్టు కనబడ్డాయి. చెయ్యి చాచి శ్రద్ధగా మూడో పేజీ తిప్పాడు. నేను ఎండలోకి వచ్చాను. ఎర్రగా, పసుపుగా, ఊరందరికీ కనబడేంత అందంగా.

ఏసోబు గుమ్మంలో కుర్చీలో ఉన్నాడు. బ్యాండు వస్తోందని తెలిసీ లోపలికి పోలేదు, మొహం మాత్రం గోడవైపు పెట్టుకున్నాడు. జక్రయ్య నన్ను చదివాడు. గుమ్మం చూశాడు. గుమ్మంలో ఉన్న మనిషిని చూశాడు. ఒక్క క్షణం తటపటాయించాడు, మనిషన్నాక తప్పదు. తర్వాత కూలబడ్డాడు. పక్కన ఇద్దరు క్లారినెట్లూ కూలబడ్డారు. ముగ్గురూ వెనక్కి వాలి, ఇరవై ఆరేళ్లు తమ పక్కన వాయించిన మనిషి ముందు, అదే గడి ఎత్తుకున్నారు.

గోడవైపున్న మొహం మెల్లగా ఇటు తిరిగింది. నవ్వలేదు. ఒకసారి, పదిసార్లు, ముప్ఫైసార్లు గడి తిరిగింది. జక్రయ్య మోకాలి కింద కంకర ఉంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, లేవడు. వెనక హారన్లు మొదలయ్యాయి. జనం ఇది పెళ్లివాళ్లు ముందే మాట్లాడుకున్న తమాషా అనుకుని ఈలలు వేశారు. ఏసోబు చెల్లెలు లోపల్నుంచి వచ్చి, "నవ్వరాదా అన్నా, వాళ్ల మోకాళ్లు ఏం పాపం చేశాయి" అంది. ఆయన ఆమెని చూసిన చూపుకి ఆమె లోపలికి పోయింది.

నలభై మూడోసారి తిరుగుతుండగా కెజియా గుమ్మం దగ్గరికి నడిచింది. పాట తెగలేదు, ఆ ఒక్క గడికి కాగితం అక్కర్లేదు. కర్ర కిందికి దించింది. ఆమె మెట్టెక్కి ఆయన ఎదురుగా నిలబడేసరికి నేను జనంవైపు తిరిగాను, కాబట్టి మొహాలు చూడలేదు. మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు.

"నా కోసం పెట్టించావా ఇది?" అన్నాడు ఏసోబు.

అవునంటే సరిపోయేది. అవునను పిల్లా, అని నేను వీపు మీద నుంచి ఎంత మొత్తుకున్నానో. ఆ ఒక్క అబద్ధంతో ఆయన కరిగిపోయేవాడు, ఊరంతా కళ్లు తుడుచుకునేది, నేను చరిత్రలోకి ఎక్కేదాన్ని.

"లేదు బాబాయ్. అది నలభై అడుగులు అవతల పడాల్సింది. ఇక్కడ పడింది."

"ఎవరిదా తప్పు?"

"నాదే. చూసుకోకుండా ప్రింటు తీశా."

 ఏసోబు కుర్చీలోంచి లేచాడు. "మీ నాయన నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అనలా" అన్నాడు. "మేళం తప్పితే డ్రమ్ముదన్నాడు, వానదన్నాడు. ఒకసారి పెళ్లికొడుకు గుర్రానిదన్నాడు."

అని నవ్వాడు. నేను చూడలేదంటిని కదా, జక్రయ్య మొహంలో చూశాను ఆ నవ్వుని. ముందు నమ్మలేదు వాడు, కాగితం వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, నిజమేనని తేల్చుకుని, మోకాలు పట్టుకుని లేచాడు. వీధంతా కేక పెట్టింది. పెద్ద డ్రమ్ము వాడు లెక్కతప్పి రెండు దెబ్బలు ఎక్కువ వేశాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఏసోబు లోపలికి వెళ్లి, కొత్త యూనిఫారం వేసుకుని, క్లారినెట్ తీసుకుని వచ్చాడు. ఆ యూనిఫారానికి ఇంకా దర్జీ కొట్టు చీటీ వేలాడుతోంది. అదీ నాలాంటి చీటీయే పాపం, ఆయన దాన్నీ తెంపి పారేశాడు. నేను అప్పుడే గ్రహించాల్సింది.

మిగిలిన ఇరవై గడులు ఎగురుకుంటూ పోయాయి. పెళ్లికొడుకు ఇల్లు వచ్చింది, గుమ్మంలో వీల్‌చైర్, అందులో నాయనమ్మ. అక్కడ కాగితంలో ఏమీ లేదు. నేను వెనకే అయిపోయాను కదా. జక్రయ్య కళ్లతో కాగితమంతా వెతికాడు. అప్పుడు ఏసోబు, "ఒరే, మోకాళ్లు" అని, అందరికన్నా ముందు తనే కూలబడ్డాడు. వాళ్లు ఆయన్ని చూసి కూలబడ్డారు. నా వైపు ఒక్కడూ చూడలేదు. నా ముందే, నా పని, నేను లేకుండా జరిగిపోయింది.

నాయనమ్మ గంట నుంచి వింటోంది, పాట వస్తూ వస్తూ వీధిలోనే ఒకచోట ఇరుక్కుపోవడం. "ఏసోబూ, నువ్వు మళ్లీ మోకాళ్లేసేది చూడటానికే దేవుడు నన్నింకా ఉంచాడేమోరా" అంది. పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. పాట ముగిసింది, అడుగు అటూ ఇటూ కాకుండా.

మాస్టారు అప్పుడు ఆటో దిగాడు. దిగి, కెజియా చేతిలో ఉన్న కర్రని తీసుకుని, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు. ఏసోబు చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్లుగా కావాలనుకున్నది కళ్లముందే వేరేవాళ్ల చేతికి పోయింది. ఒక మాట అంటాడని అందరూ అనుకున్నారు. అన్నాడు. "కర్ర పిల్లదే. నోరు నాది." మాస్టారు పలక తుడిచి ఏదో రాయబోయి, మానేసి, తలూపాడు.

బాగుందా? మీకు బాగానే ఉంటుంది. సోమవారం పొద్దున ఏమైందో వినండి.

డీటీపీ కొట్లో కెజియా ఫైలు తెరిచింది. పక్కన స్టూలు మీద ఏసోబు, టీ గ్లాసుతో. ఈసారి చీటీలన్నిటినీ చుక్కలకి కట్టేస్తానని, ఇక ఎన్ని గడులు చేర్చినా తమ గడిని వదలవని ఆమె చెబుతోంది. ముందు అక్కని ఎత్తి, చిన్నది చేసి, ఆస్పత్రి గడిలో మొదటి చుక్కకి కట్టింది. అక్క సణగలేదు, తనకి అలాంటివే ఇష్టం. తర్వాత ఎలుక నా మీదికి వచ్చింది. కట్టేసుకో తల్లీ అన్నాను. స్వేచ్ఛ వద్దు, ఏమీ వద్దు, నలుసంత చుక్కకైనా కట్టేయ్, దూడలా పడుంటాను.

"దాన్ని కట్టటమెందుకు, తీసెయ్ అమ్మాయ్" అన్నాడు ఏసోబు. "మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాలే. నవ్వించే సంగతి కూడా."

ఎవరు నవ్వించారండీ ఎవర్ని? ఇరవై ఆరేళ్లుగా ఎవరూ చేయలేని పని చేసింది నేను. చోటు తప్పి పడ్డాను కాబట్టే కదా ఆయన కుర్చీలోంచి లేచాడు. నేను బుద్ధిగా నా గడి మీదే కూర్చుని ఉంటే ఆయన ఈపాటికి గోడవైపు చూస్తూ ఉండేవాడు, స్టూలు మీద కాదు. కెజియాకి తెలుసు ఈ సంగతి. తెలిసే కాసేపు ఆగింది. తర్వాత ఆయన మొహం చూసింది. ఆయన మళ్లీ నవ్వాడు, రుచి మరిగాడు మరి. ఆమె బటన్ నొక్కింది.

ఇప్పుడు నేనున్నది శుక్రవారం ప్రింటు తీసిన పాత ఫైల్లో. పారేయడం ఇష్టం లేక కెజియా దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టింది. అది వాయిద్యాల గదిలో, ఎర్ర కోట్ల పక్క మేకుకి వేలాడుతోంది. పక్కనే మాస్టారి పలక. మేమిద్దరం బాగానే కలిసిపోయాం, ఇద్దరికీ మాట్లాడే పని లేదు. ప్రతి శనివారం పిన్నీసుల డబ్బా గలగలమంటుంది, కాగితాలు బయటికి పోతాయి. సాయంత్రానికి వీధి చివర నుంచి ఏసోబు గొంతు వినబడుతుంది, మోకాళ్లు అని. ఆ తర్వాత జనం నవ్వు. ఆ నవ్వు వినగానే నేనూ పెట్టె అంచులు దాటి నవ్వేస్తాను, ఎవరికీ చెప్పకండి. తర్వాత గుర్తొచ్చి మానేస్తాను.

కొత్త ఫైల్లో నా చోట్లో ఇంకా ఎవర్నీ పెట్టలేదు. తెల్లగా ఉంది. ఎవరైనా పెద్దమనుషులు అడిగితే చూపించడానికి వివరాలు రాసి పెట్టుకున్నాను. మూడో పేజీ. ఉత్తరాన ట్రంపెట్ల వరస. దక్షిణాన క్లారినెట్ల వరస. తూర్పున కాగితం అంచు. పడమట నూట పంతొమ్మిదో గడి. పొడవు పదకొండు సెంటీమీటర్లు, వెడల్పు నాలుగు. బొల్లా ఏసోబు వల్ల నేను పోగొట్టుకున్నది మొత్తం నలభై నాలుగు చదరపు సెంటీమీటర్లు.